చెవి వెనక చుక్క

తప్పు చేయనివాడికి దాచుకోవలసినదేదీ ఉండదని లోకం నమ్ముతుంది. పోలీసు ఠాణాలోనూ, తరగతి గదిలోనూ, పెళ్లిసంబంధాల బేరాల్లోనూ ఇదే న్యాయసూత్రంగా చెల్లుబాటవుతూ ఉంటుంది. "ఏమీ లేకపోతే చెప్పడానికేం?" అని ఒక్కసారైనా అడగని తల్లి తెలుగునాట ఉండదేమో. నేను ముప్పై నాలుగేళ్లు శరీరధర్మశాస్త్రం బోధించాను. సెలవు రోజుల్లో ఊళ్లు తిరిగి, మంత్రాలకు చింతకాయలు రాలవని జనం ముందు రుజువు చేశాను. పరీక్షకు నిలవని నమ్మకాన్ని ఒప్పుకోకూడదన్నది నా నియమం. ఈ ఒక్క నమ్మకాన్ని మాత్రం పరీక్షించకుండానే ఒక యంత్రంలోకి ఎక్కించాను. ఆ యంత్రాన్ని నా మనవరాలి చెవి వెనక అంటించాను.

యంత్రం అన్నాను గాని, చూపుకు అది నల్లటి బొట్టుబిళ్ల. విశాఖపట్నంలో కొండవాలున ఉన్న ఒక పాత గోదాములో, నా పూర్వ విద్యార్థి తవిటినాయుడు నడిపే ప్రయోగశాలలో తయారయింది. పక్షవాతంతో మాట పడిపోయినవారి కోసం దాన్ని మొదలుపెట్టాం. మనిషి ఒక మాట అనబోయినప్పుడు, ఆ మాట బయటికి వచ్చినా రాకపోయినా, గొంతు కండరాలు ముందుగా సిద్ధమవుతాయి. ఆ సన్నాహాన్ని చెవి వెనక చర్మం మీద పసిగట్టవచ్చు. మొదటిసారి దాన్ని ఎర్రన్న అనే పడవ మేస్త్రికి పెట్టాం. పదకొండు నెలలుగా ఆయన నోట మాట లేదు. ఆయన భార్య మంచం పక్కన నిలబడి ఒక్కొక్క పేరే చెప్పసాగింది. కొడుకుల పేర్లకు తెర మీది గీత కదలలేదు. మందుల పేర్లకు కదలలేదు. "పడవకి రంగెయ్యాలా?" అని అడగగానే గీత అంతెత్తున లేచింది. ఆమె కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. ఆ రోజు నాయుడూ నేనూ భోజనం మరిచిపోయాం.

మాట రానివారిలో కంటే, వచ్చిన మాటను ఆపుకునే ఆరోగ్యవంతుల్లో ఆ గీత ఇంకా ఎత్తుకు లేస్తుందని ఏడాది తర్వాత నాయుడు కనిపెట్టాడు. నాలుక దాకా వచ్చిన మాటను వెనక్కి నెట్టడం శరీరానికి పెద్ద శ్రమ. ఆ శ్రమకు సున్నా నుంచి వంద దాకా అంకెలు కట్టాం. నలభైమంది పెద్దవాళ్లకు, సొరుగులోంచి ఒక ఉంగరం తీసి జేబులో వేసుకొమ్మనీ, ఎవరడిగినా తెలియదనమనీ చెప్పాం. అరవై దాటితే మనిషి ఏదో దాస్తున్నట్టు అని తేలింది. ఆ నలభైమందీ మా ఆజ్ఞ ప్రకారం తప్పు చేసినవారే. తప్పు చేయకుండా దాచేవాడొక్కడూ వారిలో లేడు. ఆ లోపం అప్పుడు నాకు కనబడలేదు.

నా మనవరాలు ఉదితకు పదమూడేళ్లు. తొమ్మిదో తరగతి. నా కూతురు మేధ కుటుంబం ఉండేది మూడో అంతస్తులో, నేను నాలుగో అంతస్తులో. అల్లుడు సరుకు ఓడల మీద ఇంజనీరు, ఏడాదిలో ఏడు నెలలు సముద్రం మీదే ఉంటాడు. సాయంత్రం ఆరింటికి పాలగ్లాసుతో ఉదిత పైకి వచ్చి, నా కిటికీ గట్టు మీద కాళ్లు ముడుచుకొని కూర్చొని, ఆ రోజంతా నాకు అప్పజెప్పేది. లెక్కల మాస్టారి విగ్గు గాలికి కదిలిన సంగతి, తాను పరీక్షలో పక్కవాడి జవాబు చూసి రాసిన సంగతి, తల్లి మీద కోపం, అన్నీ. బిళ్ల కొత్తగా వచ్చినప్పుడు సరదాకి ఒక సాయంత్రం తాను పెట్టుకుంది. నాతో మాట్లాడిన గంటసేపటికి సగటు అంకె తొమ్మిది వచ్చింది. ఇద్దరు మనుషుల మధ్య అంత తక్కువ అంకె మా రికార్డుల్లో మరొకటి లేదు. నాయుడు ఆ కాగితానికి చట్రం కట్టించి ఇచ్చాడు. దాన్ని నా బల్ల మీద పెట్టుకున్నాను.

ఆగస్టులో ఒక ఆదివారం కింద భోజనాల బల్ల దగ్గర గొడవ మొదలయింది.

"అయిదుగురమే అమ్మా. నేను, సహర్ష, ఫర్హానా, ధీరజ్, జోయెల్. వాడి పుట్టినరోజు. వాళ్లమ్మగారు ఇంట్లోనే ఉంటారు," అంది ఉదిత.

"పుట్టినరోజు పగలు చేసుకుంటే కేకు అరగదా?" అంది మేధ. "రాత్రి అక్కడ పడుకోవడమెందుకు? మనింట్లో పక్కల్లేవా?"

"పడుకోవడానిక్కాదమ్మా..."

"పడుకోకపోతే మరీ ఘోరం."

"స్లీపోవర్ అంటే అందరూ..."

"పేరేదైతేనేం. మగపిల్లలున్నారా లేదా?"

"పొద్దున్న ఎనిమిదిన్నర నుంచి నాలుగింటిదాకా మగపిల్లలు నా వెనక బెంచీలోనే ఉంటారు. రాత్రయితే వాళ్లకి కోరలొస్తాయా?"

నేను నవ్వాను. మేధ నా వైపు తిరిగింది.

"నవ్వండి నాన్నా, మీకేం పోయింది? రేపు కాలనీలో మాట పడేది నేను. ఆయనేమో నడిసముద్రంలో కూర్చొని 'మామయ్యగారెలా అంటే అలా' అంటారు. చెప్పండి మరి, ఎలా అంటారో."

ఆ సాయంత్రం ఆరింటికి ఉదిత కిటికీ గట్టు మీద పాలు తాగకుండా కూర్చుంది.

"జోయెల్ ఈమధ్య ఏదోలా ఉంటున్నాడు తాతయ్యా," అంది. "అడిగితే నవ్వేసి ఇంకో మాట తెస్తాడు. బళ్లో పీరియడ్ పీరియడ్‌కీ గంట కొడతారు కదా, ఏదీ పూర్తిగా చెప్పుకోలేం. ఒక రాత్రంతా ఉంటే చెప్తాడేమోనని మేమే వాణ్ణి పిలవమన్నాం. అమ్మకి ఇది చెప్తే వాడి గురించి ఆరా తీస్తుంది. అందుకే చెప్పలేదు."

అది నా చెవిన పడింది. లెక్కలోకి మాత్రం రాలేదు. కొలవనిది సాక్ష్యం కాదన్న అలవాటు నాది.

నిషేధించడం మూర్ఖత్వమనీ, గుడ్డిగా వదిలేయడం కూడా మూర్ఖత్వమేననీ నా అభిప్రాయం. నడిమి దారి నా సొరుగులోనే ఉందనిపించింది. అయిదుగురు పిల్లలకూ బిళ్లలు పెట్టి పంపుదాం, ఒక్క మాటా వినం, అంకె మాత్రమే చూస్తాం అన్నాను. మేధ ముఖం తేలికపడింది. ఉదిత ముఖంలో తేలికపడినదేదీ కనబడలేదు.

"అంటే మీరు కూడా మమ్మల్ని నమ్మరా తాతయ్యా?"

"నేను దేన్నీ నమ్మనమ్మా. చూస్తాను."

"చూడకుండా నమ్మేది ఒక్కటి కూడా లేదా?"

మంచి ప్రశ్న అని మెచ్చుకున్నాను.

ఉదిత షరతు పెట్టింది. "సరే. కానీ మీరొక్కరే చూడాలి. అది కూడా తెల్లారాక. అమ్మకి చూపించకూడదు. మాటిస్తారా?"

మాటిచ్చాను.

తవిటినాయుడికి ఈ ఏర్పాటు నచ్చలేదు. "ఏటి సార్ ఇది? ఉంగరం దొంగల మీద కట్టిన లెక్క పట్టుకొని బడికెళ్లే గుంటల మీదకెళ్తే ఎలాగండి? ముందొక వారం మామూలు రోజుల అంకెలు తీద్దాం. ఇంట్లో ఎంత, బళ్లో ఎంత అని తెలిస్తే కదా, అక్కడ ఎక్కువో తక్కువో చెప్పగలం?"

"పుట్టినరోజు వారంపాటు ఆగదు నాయుడూ."

"ఇదే మాట ఆ తాయెత్తులమ్మేవోడంటే వేదికెక్కి ఉతికేసీవోరు కదండి మీరు," అన్నాడతను. నవ్వుతూనే అన్నాడు గనక నేనూ నవ్వి ఊరుకున్నాను.

తక్కిన తల్లిదండ్రులు ప్రొఫెసర్ గారి యంత్రం అనగానే ఒప్పుకున్నారు. జోయెల్ తల్లి ఎస్తేరుగారు ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. శనివారం డ్యూటీ దిగి, చీర మీద తెల్లకోటు అలాగే ఉంచుకొని, కొడుకుతో ప్రయోగశాలకు వచ్చింది.

"పిల్లల మీద నాకనుమానం లేదు సార్. మీకందరికీ ఉంటే పెట్టండి," అంది. కొడుకు భుజం మీద చెయ్యి వేసి, "మావాడికి కూడానా? వాడిల్లే కదా అది," అంది.

"ఒక్కరిని వదిలేస్తే ప్రయోగం చెడిపోతుందమ్మా."

జోయెల్ సన్నగా, వయసుకు మించిన పొడవుతో ఉన్నాడు. నాయుడు బిళ్ల అంటిస్తున్నంతసేపూ నేల వైపు చూశాడు. "ఇది మాటలు వినదు కదా సార్?" అని రెండుసార్లు అడిగాడు. వినదని రెండుసార్లూ చెప్పాను.

ఉదితకు నేనే పెట్టాను. జడ పక్కకు తీసి, మెడ వంచి నిలబడింది.

"దిష్టిచుక్కలా ఉంది," అంది. "నేను పుట్టినప్పుడు అమ్మమ్మ ఇక్కడే పెడితే తడిగుడ్డతో తుడిచేశారట కదా మీరు? అమ్మమ్మ రెండు రోజులు అన్నం తినలేదట."

"అది మూఢనమ్మకం. ఇది కొలమానం."

"పిల్లకేమైనా అవుతుందని భయమేసే కదా అమ్మమ్మ పెట్టింది," అంది, జడ వెనక్కి వేసుకుంటూ.

ఆ సాయంత్రం ఏడు గంటలకు అయిదు గీతలు నా గదిలోని తెర మీదికి వచ్చాయి. తెల్లారాక చూస్తానని మాటిచ్చినవాణ్ణి, పరికరాలు పనిచేస్తున్నాయో లేదో సరిచూడటం చూడటం కిందికి రాదని నాకు నేను చెప్పుకున్నాను. నాలుగు గీతలు పదీ ఇరవై మధ్య తాపీగా సాగుతున్నాయి. జోయెల్ గీత మాత్రం అంటించినప్పటినుంచీ ఎనభై రెండు దగ్గర నిలిచిపోయింది. ఉంగరం దొంగల్లో కూడా అంత అంకె గంటల తరబడి నిలిచినవాడు లేడు. బిళ్ల సరిగా అతుక్కోలేదని నిర్ధారించి, పాడైన పరికరంగా గుర్తుపెట్టి, ఆ గీతను తెర మీదనుంచి తొలగించాను.

మిగిలిన నాలుగు గీతలూ పదకొండు గంటల వరకూ కిందనే ఉన్నాయి. ఆ లెక్కన పత్తీ నిప్పూ ఒకచోట ఉండకూడదన్న సామెత వీగిపోయినట్టేనని తృప్తిపడి కళ్లజోడు తీయబోయాను. పదకొండూ ఆరు నిమిషాలకు నాలుగు గీతలూ కలిసి పైకి లేవసాగాయి. పన్నెండు నిమిషాల్లో నాలుగూ అరవై దాటి ఎర్రబడ్డాయి. ఉదితది డెబ్బై ఒకటి.

అప్పుడే మేధ తలుపు తోసుకొని వచ్చింది. "నిద్రపట్టడం లేదు నాన్నా. ఏమైనా చూశారా?"

తెర ఆర్పడానికి నా చేతికి జానెడు దూరంలో మీట ఉంది. ఆర్పలేదు. మాటిచ్చిన సంగతి గుర్తులేక కాదు. నాలుగు గీతలు ఒకేసారి లేచాయి. శాస్త్రం తెలిసినవాడు దాన్ని కాకతాళీయమనలేడు. ఆ క్షణంలో నాకది మాట కంటే పెద్దదనిపించింది.

"ఏంటిది? ఎరుపంటే ఏంటి?"

"దాస్తున్నారు."

"ఏం దాస్తున్నారు?"

"అది యంత్రానికి తెలియదమ్మా."

"నాకు తెలుసు," అని మేధ కారు తాళం తీసుకుంది. మెట్లు దిగుతూనే సహర్ష తండ్రికి ఫోన్ చేసింది.

ఎస్తేరుగారి ఇల్లు రెండు వీధుల అవతల, కింది వాటా. మేము వెళ్లేసరికి సహర్ష తండ్రి గేటు దగ్గర ఉన్నాడు. బెల్లు కొట్టవలసిన అవసరమే లేకపోయింది. వీధి తలుపు తీసే ఉంది. హాల్లో ట్యూబులైట్ వెలుగుతోంది. నేల మీద రెండు చాపలు, మధ్యలో న్యూస్‌పేపరు మీద సగం తిన్న ముంత మసాలా. పక్కగది తలుపు కూడా బార్లా తీసి ఉంది. నైటీ మీద తువ్వాలు కప్పుకుంటూ ఎస్తేరుగారు అందులోంచి వచ్చింది. పిల్లలు అయిదుగురూ గుండ్రంగా కూర్చొని ఉన్నారు. జోయెల్ ముఖం తడిగా ఉంది. ఫర్హానా అతడికి స్టీలు గ్లాసుతో మంచినీళ్లు అందిస్తోంది. ఆ గ్లాసు అలాగే గాలిలో ఆగిపోయింది.

ఉదిత తల్లిని చూడలేదు. తల్లి భుజం మీదుగా నన్ను చూసింది.

"ఏం జరుగుతోందిక్కడ?" అంది మేధ.

ఫర్హానా గ్లాసు చాప మీద పెట్టింది.

"అడిగేది మిమ్మల్నే. ఏమీ లేకపోతే చెప్పడానికేం?"

"ఏమీ లేదాంటీ," అన్నాడు ధీరజ్. వాడి గొంతు వణికింది. ఆ వణుకే మా పెద్దలకు సాక్ష్యమయింది.

సహర్ష తండ్రి ఇల్లంతా కలయజూశాడు. "ఇంట్లో మగదిక్కెవరూ లేరా? మీవారెక్కడమ్మా? కొడుకు పుట్టినరోజుకైనా కొచ్చిన్ నుంచి వస్తారనే కదా మా అమ్మాయిని పంపాం?"

ఎస్తేరుగారు తువ్వాలు అంచు పట్టుకొని నిలబడింది.

"అంకుల్, అది అడక్కండి," అంది ఉదిత.

"పెద్దవాళ్లు మాట్లాడుతుంటే నువ్వు మధ్యలోకి రాకు."

"ప్లీజంకుల్. మిగతావేమన్నా అడగండి."

జోయెల్ లేచి నిలబడ్డాడు. అరిచేత్తో ముఖం తుడుచుకున్నాడు.

"డాడీ లేరంకుల్. కొచ్చిన్‌లో డ్యూటీ అని చెప్పింది అబద్ధం. ఏప్రిల్లో వెళ్లిపోయారు. వేరే ఇల్లు పెట్టుకున్నారు. ఎవరికీ చెప్పొద్దంది అమ్మ. ఇందాకే వీళ్లకి చెప్పాను. ఎవరికీ చెప్పం అని ఒట్టేశారు." ఒక్కసారి గాలి పీల్చుకున్నాడు. "మీక్కూడా చెప్పేశాను కదా. ఇంక వీళ్లని తీసుకెళ్లకండి. తెల్లారేదాకా ఉండనివ్వండి."

తీసుకువెళ్లాం. సహర్ష తండ్రి మొదట, మేధ ఆ తర్వాత. తక్కిన ఇద్దరి ఇళ్లకూ కబురు వెళ్లింది. గుమ్మం దాటుతుంటే ఎస్తేరుగారు నాతో ఒక్కటే అంది: "తలుపులు తీసే ఉంచాను సార్, సాయంత్రం నుంచీ." కారెక్కే ముందు ఉదిత చెవి వెనకనుంచి బిళ్ల పీకి నా అరచేతిలో పెట్టింది.

మర్నాడు ప్రయోగశాలలో నాయుడు అయిదు గీతలూ కాగితం మీద అచ్చుతీశాడు. తెర మీద నేను తొలగించినదాన్ని కూడా యంత్రం తన దగ్గర దాచే ఉంచింది. జోయెల్ గీత సాయంత్రం ఏడింటినుంచి ఎనభై రెండు దగ్గర గోడలా నిలిచింది. పదకొండూ ఆరుకు దిగడం మొదలుపెట్టింది. పదకొండూ పద్దెనిమిదికి పదమూడు దగ్గర ఆగింది. బిళ్లలో లోపమేమీ లేదు. నాయుడు స్కేలు తెచ్చి నిలువుగా పెట్టాడు. జోయెల్ గీత దిగడం మొదలుపెట్టిన నిమిషమూ, తక్కిన నాలుగూ లేవడం మొదలుపెట్టిన నిమిషమూ ఒకటే.

"ఈ గుంటడు దించాడండి, ఆ నలుగురూ ఎత్తుకున్నారు," అన్నాడు నాయుడు.

తగిలినవి లెక్కపెట్టి తప్పినవి వదిలేసేవాణ్ణి జోస్యుడంటారని నేను కొన్ని వందల సభల్లో చెప్పి ఉంటాను. చప్పట్లు కొట్టేవారు. ఆ మాట నాయుడికి కూడా కంఠతా వచ్చు. అతడు అనలేదు. స్కేలు జాగ్రత్తగా సొరుగులో పెట్టి, టీ తెప్పిస్తానని బయటికి వెళ్లాడు.

కాలనీలో ఆ తర్వాత జరిగినది జరగవలసిన క్రమంలోనే జరిగింది. ఫోన్ గ్రూపులో మొదట పిల్లల ప్రస్తావన వచ్చింది, రెండు రోజుల్లో అది పోయి ఎస్తేరుగారి భర్త ప్రస్తావన మిగిలింది. భర్త లేని ఇంటికి పిల్లల్ని రప్పించుకుందన్నారు. అబద్ధమాడి రప్పించుకుందన్నారు. సహర్షను వేరే సెక్షనుకు మార్పించారు. మేధ ఆ గ్రూపులో ఒక్క మాటా రాయలేదు. రాసినవారిని వారించనూ లేదు.

నేను క్షమాపణ చెప్పుకోవడానికి పదో రోజున ఎస్తేరుగారింటికి వెళ్లాను. హాల్లో అట్టపెట్టెలు కట్టి ఉన్నాయి. పార్వతీపురంలో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం దొరికిందనీ, అక్కడ తన అక్క ఉందనీ చెప్పింది. కుర్చీ ఖాళీ చేసి కూర్చోమంది. టీ ఇచ్చింది. జోయెల్ గదిలోంచి రాలేదు.

"ఆ రాత్రి మావాడు నవ్వాడు సార్," అంది. "నేను పడుకొని వింటున్నాను. ఏడ్చాడు, ఆ తర్వాత ధీరజ్ ఏదో అంటే గట్టిగా నవ్వాడు. ఏప్రిల్ నుంచీ ఆ నవ్వు వినలేదు నేను. పదకొండుంబావు దాటి ఉంటుంది. హమ్మయ్య అనుకొని కళ్లు మూసుకున్నాను. అంతలో మీరొచ్చారు."

పదకొండూ పద్దెనిమిది అని నాకు తెలుసు. చెప్పలేదు. టీ తాగి లేచాను. క్షమాపణ చెప్పానో లేదో కూడా ఇప్పుడు ఖచ్చితంగా గుర్తులేదు. చెప్పాలని వెళ్లిన మాట నిజం.

ఉదిత ఆరింటికి పైకి రావడం మానేసింది. అలిగిందనుకుంటే తప్పు. మెట్ల మీద ఎదురైతే "బావున్నారా తాతయ్యా" అనేది. అడిగినదానికి జవాబిచ్చేది. "బానే ఉంటోంది నాన్నా," అంది మేధ ఒకరోజు, నా వైపు చూడకుండా. "వేళకి తింటోంది, చదువుకుంటోంది. ఎదురు చెప్పడం కూడా మానేసింది. అదివరకు ఎంత దెబ్బలాడేది నాతో!"

సెప్టెంబరు చివర నేనే కిందికి వెళ్లి ఉదితను అడిగాను. నాయుడు మొదట అడిగిన మామూలు రోజుల అంకెలు లేకపోతే ఆ రాత్రి గురించి ఏదీ రాయలేమనీ, ఒక వారంపాటు బిళ్ల పెట్టుకోగలదా అనీ. నివేదిక కోసమేనని చెప్పాను. అది పూర్తిగా నిజం కాదు. బల్ల మీద చట్రంలో ఉన్న అంకె ఇంకా ఉందో లేదో నాకు తెలియాలి. చూడకుండా ఉండలేకపోయాను.

ఉదిత రాస్తున్న నోట్సు మూసింది.

"ఇది ముందు తీయాల్సింది కదా తాతయ్యా."

"అవునమ్మా."

"సాయంత్రాలు కూడా కావాలా? ఆరింటివి?"

"కావాలి."

"వస్తాను." లేచి, జడ పక్కకు తీసి, మెడ వంచి నిలబడింది.

"ఈసారి నేనూ నాయుడూ తప్ప ఎవరూ చూడరు," అన్నాను.

"అమ్మ చూసినా ఫర్వాలేదు," అంది.

ఏడు రోజులూ సరిగ్గా ఆరింటికి వచ్చింది. కిటికీ గట్టు మీద కాకుండా కుర్చీలో కూర్చుంది. బళ్లో ఏం జరిగిందని అడిగితే పాఠాల పేర్లు వరసగా చెప్పింది. ఏడింటికి లేచి, "అయిపోయిందా తాతయ్యా?" అని అడిగి, ఖాళీ గ్లాసు తీసుకొని దిగిపోయింది. మూడో రోజు నేను జోయెల్ సంగతేమైనా తెలిసిందా అని అడిగాను. "తెలియదు," అంది. తెర మీద గీత ఎటు వెళ్లిందో నేనా క్షణాన చూడలేదు. కాగితంలో తర్వాత చూశాను.

నివేదికలో చేర్చిన అంకెలు ఇవి. ఆగస్టులో జోయెల్ ఇంట్లో, రాత్రి ఏడు నుంచి పదకొండూ ఆరు వరకు, ఉదిత సగటు పదకొండు. సెప్టెంబరు వారంలో బడిలో ముప్పై నాలుగు. తల్లితో భోజనం వేళ యాభై ఎనిమిది. సాయంత్రం ఆరు నుంచి ఏడు వరకు, తాతతో, మొదటి రోజు డెబ్బై ఆరు, ఏడో రోజు ఎనభై రెండు.

ఎనిమిదో రోజు ఆరింటికి ఉదిత రాలేదు. బిళ్ల ఒక కవరులో పెట్టి, కవరు మీద తేదీ వేసి, తల్లి చేత పంపింది.